నిద్రగన్నేరు నడిచిన వేసవి

ఆ వేసవిలో మా క్రేన్ కింద కుక్క పిల్లల్ని పెట్టింది. బండి కదిలి అన్నాళ్లయింది మరి. ముందుచక్రాల మధ్య నీడలో గోనెపట్టా మీద పడుకుని, మా మరిది తాళాలగుత్తి ఆడిస్తూ అటు వెళ్తే చాలు, గుర్రుమనేది.

"చూశావా వదినా, నా బండి దగ్గరికి నేనే పర్మిషన్ అడిగి వెళ్లాల్సొస్తోంది" అని నవ్వేవాడు. ఆ నవ్వు పెదాలు దాటి లోపలికి వెళ్లేది కాదు.

మాది చెట్లు తరలించే ఇల్లు. పెరిగిన చెట్టును నరక్కుండా, వేళ్లతో, మట్టితో సహా పైకెత్తి తీసుకెళ్లి ఇంకోచోట నాటడం మామయ్యగారు మొదలుపెట్టిన పని. వేళ్ల సంగతి మా ఆయన చూసుకుంటాడు. క్రేన్ మరిదిది. చెట్టు మాత్రం మామయ్యగారిదే. నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఊపిరాడనంత పని ఉండేది. రానురాను రోడ్లు వెడల్పు చేసేవాళ్లు రంపం మిషన్లతోనే దిగుతున్నారు. వాళ్లకి ఒక్క పూట చాలు. మాకు నెలలు కావాలి. అంత ఓపిక ఎవరికుంది? క్రేన్ అమ్మేద్దామన్న మాట అన్నం దగ్గర ఒకసారి మా ఆయన ఎత్తితే, మామయ్యగారు కంచం ముందు నుంచి లేచిపోయారు. మళ్లీ ఎవరూ పైకి అనలేదు గానీ, ఆ మాట మాతోపాటు కూర్చుని తింటూనే ఉంది.

"ఫోన్లో పెట్టాలి వదినా" అన్నాడు మరిది. "ఊళ్లో మొక్కల పిచ్చోళ్లంతా ఒకే గ్రూపులో ఉన్నారు. నువ్వు బాగా రాస్తావు కదా, ఒక పోస్టు కొట్టు. మామూలుగా ఉండకూడదు."

మామూలుగా ఉండకూడదనే రాశాను. 'మీ చెట్టుకు మేమున్నాం!' అని పైన పెద్ద అక్షరాలు, కింద నాలుగు ఫొటోలు, మా ఫోన్ నంబరు. పోస్టు పెట్టి టీ గ్లాసు అందుకున్నాను. టీ చల్లారకముందే పోస్టు లేదు.

ఆ గ్రూపును నడిపేవాళ్ల బొమ్మ స్థానంలో ఒక గులాబీ కొమ్మ, పక్కన కత్తెర ఉండేవి. అందరూ కత్తెరమ్మ అని పిలిచేవారు. ఆమె నుంచి నాకొక మెసేజ్ వచ్చింది: 'ఇది బజారు కాదు, పెరడు. నియమాలు చదివి రండి.'

నాకు ఒళ్లు మండింది. "ఎవరే ఈవిడ, హెడ్మాస్టరమ్మలా ఉంది" అని అత్తయ్యగారు కూడా నా పక్షాన నాలుగు అక్షింతలు వేశారు. కోపం తగ్గాక చదివాను. అడగనివాళ్లకి అమ్మకం కబురు చెప్పకూడదు. నంబర్లు పెట్టకూడదు. వ్యాపారస్తులు ఎవరికైనా సలహా చెప్తే, తమ వ్యాపారమేమిటో ముందు చెప్పి తర్వాత సలహా చెప్పాలి. ఒక మనిషికి ఒకే ఖాతా. తన సరుకును ఇంకొకరి నోటితో పొగిడించుకోకూడదు.

'చెట్ల గురించి అడిగినవాళ్లకి నేను జవాబు చెప్పొచ్చా?' అని రాశాను.

'అడిగినవాళ్లకి జవాబు చెప్పడానికి అనుమతెందుకు?' అని వచ్చింది.

అలా మొదలైంది. ఉదయం పూట మామయ్యగారు పెరట్లో క్రేన్ బెల్టులు ఆరబెట్టుకుంటూ ఉంటే, నేను స్టూలు వేసుకుని గ్రూపులోని ప్రశ్నలు చదివి వినిపించేదాన్ని. దానిమ్మ ఎండిపోతోందని ఒకాయన రోజూ ఫొటో పెట్టేవాడు, జ్వరమొచ్చిన బిడ్డ ఒంటివేడి చూసి చెప్తున్నట్టు. మందారం ఆకుల మీద తెల్లమచ్చలు చూసి ఒకామె నిద్రపోవడం మానేసింది. అద్దె ఇల్లు ఖాళీ చేస్తూ, తాను నాటిన జామను వదిలేసి ఎలా వెళ్లడమని ఇంకొకామె అడిగింది. ఆ జామ పొడవు ఆమె భుజం దాకా ఉందట.

"దానికి క్రేనెందుకు?" అన్నారు మామయ్యగారు. "మొదలు చుట్టూ మూరెడు వదిలి తవ్వమను. మట్టి రాలకుండా తడిగోనె చుట్టి ఆటోలో వేసుకెళ్లమను. రెండు వారాలు నీడపట్టున ఉంచమను."

'మాది చెట్లు తరలించే వ్యాపారం. ఆ సంగతి మనసులో పెట్టుకునే నా మాట వినండి' అని మొదలుపెట్టి, ఆ జవాబు రాశాను. ప్రతి జవాబూ అలాగే మొదలయ్యేది. కొన్నాళ్లకు గ్రూపులో నన్ను 'చెట్ల కోడలు' అనడం మొదలెట్టారు.

"బాగుంది" అన్నాడు మరిది. "ఎవరి పని వాళ్లే చేసుకునేలా ట్రైనింగిస్తున్నాం. మనం ఇలాగే ఉంటే ఆ కుక్క క్రేన్ కింద మనవల్ని కూడా ఎత్తుకుంటుంది."

అతని మాటలో తప్పు లేదు. ఒక్క గిరాకీ రాలేదు. కానీ నాకు ఆ పని మానాలనిపించలేదు. నేను ఆ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి చెట్టంటే బరువు, పొడవు, బెల్టు, ట్రెయిలర్. ఇంతమంది మనుషులు, ఒకరికొకరు ముఖం కూడా తెలియనివాళ్లు, ఒక దానిమ్మ కోసం పొద్దున్నే లేచి 'ఇవాళ ఎలా ఉందండీ' అని పలకరించుకుంటారని నాకు తెలియదు. ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయేదాన్ని.

ఎండలు ముదిరాక ఒక నర్సమ్మ రాసింది.

'నేను కాన్పుల ఆసుపత్రిలో పనిచేస్తాను. వెనక ఆవరణలో పెద్ద నిద్రగన్నేరు ఉన్న చోట కొత్త వార్డు కడతారు. వార్డు కావాలి. పడకలు చాలక బాలింతలు వరండాలో పడుకుంటున్నారు, కాబట్టి కట్టొద్దని నేను అనను. అంత చెట్టును కదిలించడం మనుషుల వల్ల అయ్యే పనేనా? లేక నాకు పిచ్చా?'

నేను జవాబు ఆలోచించుకునేలోపే కింద మనుషులు రాయడం మొదలుపెట్టారు. ఆసుపత్రిలోకి మగవాళ్లను రానివ్వరు. అందుకని ఊళ్లో తండ్రులూ తాతలూ మేనమామలూ అందరూ కబురు కోసం ఎదురుచూసింది ఆ చెట్టు కిందే.

'మా నాన్న ఆ చెట్టు కింద సిగరెట్టు మీద సిగరెట్టు కాల్చి, నేను పుట్టాననగానే కాలుతున్నదాన్ని జేబులో పెట్టుకున్నాడు. ఆ చొక్కా ఇప్పటికీ ఉంది, జేబు లేదు.'

'మా అక్కకు కవలలు. మొదటి కబురుకు మా బావ చెట్టు చుట్టూ గంతులేశాడు. రెండో కబురుకు చెట్టు మొదట్లో కూలబడ్డాడు.'

'మా బిడ్డ దక్కలేదని నేను అక్కడే విన్నాను. చీకటిపడేదాకా వేరు మీద కూర్చున్నాను. ఎవరూ లెమ్మనలేదు.'

నేను పైకి చదువుతూ ఉంటే అత్తయ్యగారు గరిటె పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"నీ మొగుణ్ణి కన్నది అక్కడే. మీ మామగారు ఆ చెట్టు కిందే ఉన్నారు" అన్నారు.

"కింద కాదు" అన్నారు మామయ్యగారు బెల్టు దులుపుతూ. "పైన. కబురు తెచ్చే ఆయమ్మను చూస్తే భయమేసి, కొమ్మెక్కి కూర్చున్నా. ఆమె నా పేరు పిలుచుకుంటూ కింద మూడుసార్లు తిరిగింది."

ఇన్నేళ్ల కాపురంలో ఆ ముక్క అత్తయ్యగారికి తెలియదు. ఆవిడ ఆయన్ని చూసిన చూపు, పెళ్లిచూపుల్లో చూసినట్టుంది.

మామయ్యగారు ఆ మధ్యాహ్నమే వెళ్లి చెట్టును చూసొచ్చారు. బూడిదరంగు దుమ్ము అంటిన చేతులు కడుక్కోకుండానే చెప్పారు. "కదులుతుంది. బతుకుతుందా అంటే సగం సగం."

అదే రాశాను. మా వ్యాపారం ముందు చెప్పాను. వేళ్లను ఒక్కసారిగా కోయకూడదని, చుట్టూ సగం కందకం తవ్వి కొత్త పిల్లవేళ్లు వచ్చేదాకా ఆగి, తర్వాత మిగతా సగం తవ్వాలని, తొందరపడితే చచ్చిపోతుందని రాశాను. 'ఈ పనిలో మాకు లాభం ఉంది, కాబట్టి మమ్మల్నే నమ్మకుండా ఇంకో ఇద్దర్ని అడగండి' అని ముగించాను. నంబరు పెట్టలేదు.

మర్నాడు చూస్తే నా జవాబు కింద ముగ్గురు కొత్తవాళ్లు. 'వీళ్లు మా ఇంటి చెట్టు తరలించారు. ప్రపచంలోకెల్లా మంచి మనుషులు.' 'ప్రపచంలో ఇలాంటి పనివాళ్లు లేరు.' 'వీళ్ల పని మామూలుగా లేదు, ప్రపచం మొత్తం వెతికినా దొరకరు.' ముగ్గురికీ ప్రపంచంలో సున్నా లేదు. మా మరిది చిన్నప్పట్నుంచీ ఆ మాట అలాగే రాస్తాడు.

అతను క్రేన్ పక్కన కూర్చుని కుక్కకు రొట్టెముక్క వేస్తున్నాడు. ఫోన్ చూపించాను.

"అందరూ చేసేదే వదినా."

"మనం ఈ మొదటామె చెట్టు ఎప్పుడు తరలించాం? ఆమె ఉందా అసలు?"

"లేకపోతే ఏం? మనం బాగా చేస్తామన్నది అబద్ధమా?"

"కాదు."

"మరి?"

బిడ్డ దక్కలేదని రాసినాయన మాట కింద, రెండు వరసల అవతల, ఆ లేని మనిషి నవ్వుముఖం బొమ్మ పెట్టింది. నేను దాన్నే చూస్తున్నాను.

"తీసెయ్యి" అన్నాను.

"తీయను. ఈ చెట్టు కూడా పోతే బండి పోతుంది. నాకు వేరే పని రాదు." గొంతు పెంచలేదు. కుక్కను చూస్తూ అన్నాడు.

లోపలికి వచ్చి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. ఎసరు మరిగేలోగా కత్తెరమ్మకు రాశాను. 'ఆ ముగ్గురూ మా ఇంటివాళ్లే. తీసెయ్యండి.' అన్నం ఉడికింది, వార్చాను.

సాయంత్రానికి ముగ్గురూ లేరు. గ్రూపులో కత్తెరమ్మ మాట ఒకటి ఉంది. 'మూడు దొంగ ఖాతాలు తీసేశాను. వాటి గురించి చెప్పింది ఆ వ్యాపారం ఇంటి మనిషే. నియమం ప్రకారం ఆ ఇల్లు నెలరోజులు ఇక్కడ మాట్లాడకూడదు. ఆమె జవాబు మాత్రం ఉంటుంది. అది నిజమే కాబట్టి.'

అత్తయ్యగారు వారం పాటు నాతో ముభావంగా ఉన్నారు. "ఇంటి గుట్టు వీధిలో పెట్టడం ఏం తెలివే తల్లీ" అని గిన్నెలతో అన్నారు. మరిది నాతో మాటలు మానేశాడు. మంచినీళ్లు కావాలన్నా గోడకు చెప్పేవాడు, గోడ పక్కన నేనున్నా సరే. మా ఆయన ఇద్దరి మధ్య తపాలా మోశాడు. మామయ్యగారు విషయమంతా విని "ఊఁ" అన్నారు. అంతే. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే స్టూలు తెచ్చి తన పక్కన వేశారు. "చదువు. జవాబివ్వకపోయినా వినొచ్చుగా."

తర్వాత ఒకరోజు మా గేటు ముందు ఆటో ఆగింది. తెల్లచీర మీద మాసిన ఏప్రాన్‌తోనే దిగిందొకామె. నడివయసు మనిషి, నడకలో ఆసుపత్రి తొందర.

"మీ నంబరు ఎక్కడా లేదు" అంది వస్తూనే. "అడుగుదామంటే మీరు మౌనవ్రతం. చెట్లు తరలించే క్రేన్ ఎక్కడుందని ప్రతి మెకానిక్ షెడ్డులోనూ అడుగుతూ వచ్చాను."

ఆసుపత్రి పెద్దలు ఇంకో ఇద్దర్ని అడిగారట. ఒకరు అవదన్నారు. రెండోవాళ్లు వారంలో తీసేస్తాం, గ్యారంటీగా బతుకుతుందన్నారు.

"మీరేమంటారు?" అని మామయ్యగారిని అడిగింది.

"బతుకుతుందని మాటివ్వలేనమ్మా. మావల్ల అయ్యిందంతా చేస్తాం."

నర్సమ్మ అప్పటిదాకా నిలబడే ఉంది. అప్పుడు నా స్టూలు మీద కూర్చుంది. "లోపల బిడ్డ ఎలా ఉందని అడిగితే మేమూ అచ్చం అంతే చెప్తాం" అంది. "గ్యారంటీ ఇచ్చే డాక్టరును చూస్తే నాకు భయం."

అలా ఆ పని మా చేతికి వచ్చింది. క్రేన్‌కు ఇంకా సమయముంది, కుక్కను లేపక్కర్లేదు. ముందు కందకం.

మొదటిరోజు మేం పారలతో వెళ్లేసరికి చెట్టు దగ్గర మనుషులున్నారు. ఎవరో చుట్టాలనుకున్నాను. దగ్గరికి వెళ్తే ఒకాయన, బట్టతల, ఇస్త్రీ చొక్కా, చేతులు కట్టుకుని నాకేసి చూశాడు.

"చెట్ల కోడలు మీరేనా? నేను దానిమ్మ."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు.

"నేను మందారం, తెల్లమచ్చలు" అంది పక్కనామె. "తగ్గాయి."

"జామ" అని చెయ్యెత్తిందొక అమ్మాయి. "కొత్తింట్లో పూత కూడా వచ్చింది."

చదివిన మాటలకు కాళ్లూ చేతులూ వచ్చి నా ఎదురుగా నిలబడ్డాయి. దానిమ్మాయన బ్యాంకులో పనిచేస్తాడట. మందారమామెది చేపల కొట్టు. ఎవరినీ కూర్చోమని కూడా అనలేకపోయాను. మామయ్యగారే, "వచ్చినవాళ్లు ఊరికే ఉండకండి. మా అబ్బాయి వేరు కోస్తాడు, మీరు రంపపుపొట్టు, ఆకుల ఎరువు కలిపి తడిపి అందివ్వండి. వేరు మీద కాలు పెడితే మాత్రం తంతా" అన్నారు. బ్యాంకాయన బూట్లు విప్పేశాడు.

సగం కందకం తవ్వి, పూడ్చి, పిల్లవేళ్ల కోసం ఆగాం. ఆ రోజుల్లో ఎవరో ఒకరు వచ్చి తడుపుతూనే ఉన్నారు. మళ్లీ తవ్వేటప్పుడు మా ఆయన మట్టిని చేత్తో పక్కకు తీసి నన్ను పిలిచాడు. కోసిన చోట, మొద్దువేరు చివర, తెల్లటి వేళ్లు, పసిపిల్లల వెంట్రుకలంత సన్నగా. తడి మట్టిని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. "దీనికి బతకాలనుంది" అన్నాడు మా ఆయన. మా ఆయన అంత మాట అనడం నేనెప్పుడూ వినలేదు.

ఎత్తే రోజు తెల్లవారేసరికి మొదలు చుట్టూ తడిగోనెలు, మట్టిముద్దకు చెక్కలు, అడుగున ఉక్కుదూలాలు సిద్ధంగా ఉన్నాయి. కొమ్మలు సగానికి తగ్గించాం. మాను మీద మామయ్యగారు సున్నంతో ఒక గీత గీశారు. ఇన్నేళ్లూ ఎండ ఎటువైపు కాసిందో కొత్తచోట కూడా అటువైపే కాయాలి, అందుకు ఆ గుర్తు. ముందుగేటు పక్కన గొయ్యి తీసి ఉంచాం. వెనకగేటు నుంచి రోడ్డెక్కి, మలుపు తిరిగి, ముందుగేటులోంచి లోపలికి రావాలి.

కుక్క, పిల్లలూ ముందురోజే గోనెపట్టాతో సహా మా వరండాలోకి మారాయి. మరిది స్వయంగా మార్చాడు. ఇప్పుడు క్రేన్ ఎక్కబోతూ ఉంటే, రోడ్డు పక్కన సిటీబస్సు ఆపి ఒక డ్రైవరు దిగి వచ్చాడు. ఆజానుబాహువు. మీసం చూస్తే భయం వేస్తుంది.

"చెట్ల కోడలు ఎవరమ్మా?" అన్నాడు. ఆ మీసం వెనక నుంచి అంత మెత్తటి గొంతు వస్తుందనుకోలేదు. "నేనే కత్తెర."

చుట్టూ ఉన్నవాళ్లందరూ తిరిగి చూశారు. మందారమామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, ఇన్నాళ్లూ 'అమ్మా' అని రాశాం కదండీ!"

"పిలుస్తున్నారు, పలుకుతున్నా. మధ్యలో మీసం గురించి ఎందుకని ఊరుకున్నా."

అందరూ నవ్వుతుంటే మరిది క్రేన్ మెట్టు మీద నుంచి దిగి అతని దగ్గరికి వచ్చాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"ఆ ముగ్గురూ నేనేనండీ."

"తెలుసు. నా కూతురు ఒకటో తరగతి, అది కూడా ప్రపంచానికి సున్నా పెడుతుంది." డ్రైవరు క్రేన్ కేసి, చెట్టు కేసి చూశాడు. "ఇవాళ ముగ్గురు లేరు, ఒక్కడివే ఎత్తాలిగా. జాగ్రత్త తమ్ముడూ."

మరిది తలూపి వెళ్లి క్రేన్‌లో కూర్చున్నాడు.

మామయ్యగారు ఒక అరచెయ్యి మానుకు ఆనించి, రెండో చెయ్యి పైకెత్తారు. ఇంజన్ గొంతు మారింది. బెల్టులు బిగిశాయి. మొదట ఏమీ జరగలేదు. క్రేన్ ముక్కుతోంది, చెట్టు తన చోటే నిలబడి ఉంది. ఎవరో గట్టిగా ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. తర్వాత భూమి లోపల్నుంచి ఒక నిట్టూర్పులాంటి చప్పుడు వచ్చింది. మట్టిముద్ద కింద సన్నటి వెలుతురు గీత కనిపించింది.

నా పెళ్లయ్యాక ఎన్నో చెట్లు ఎత్తడం చూశాను. ఆ గీతను మాత్రం అప్పటిదాకా చూడలేదనిపించింది. చెట్టుకీ భూమికీ మధ్య వెలుతురు. అటువైపు నిలబడ్డ నర్సమ్మ చెప్పులు ఆ సందులోంచి కనిపిస్తున్నాయి. గీత జానెడైంది, మూరెడైంది. ఇంత ఊరు ఎవరి కబురు కోసమో ఆనుకుని కూర్చున్న ఆ మాను మొత్తం, వేళ్లతో సహా, గాలిలో ఉంది. కొంచెం కూడా ఊగడం లేదు. మా మరిది చేతిలో అంత నెమ్మది ఉందని నాకు తెలియదు. అత్తయ్యగారు నా మోచెయ్యి పట్టుకున్నారు. ఆవిడ ఆ పని చూడటానికి రావడం అదే మొదటిసారి. "వీడా? మన చిన్నాడా ఎత్తుతోంది?" అని మెల్లగా అడిగారు, నేను అవునంటే తప్ప నమ్మనన్నట్టు.

ట్రెయిలర్ మనిషి నడకకన్నా నెమ్మదిగా రోడ్డెక్కింది. బస్సులు ఆగాయి. డ్రైవరు తన బస్సును రోడ్డుకు అడ్డంగా పెట్టి, కిందకు దిగి చేతులు చాచి నిలబడ్డాడు. ఒక్కరూ హారన్ కొట్టలేదు. ఆసుపత్రి మేడ మీద కిటికీలన్నీ తెరుచుకున్నాయి. బాలింతలు పసిబిడ్డలను ఎత్తుకుని నిలబడ్డారు. వాళ్ల ముందునుంచి, చెయ్యి చాపితే అందేటంత దగ్గరగా, కొమ్మలు నడిచి వెళ్లాయి. ఒకామె నిజంగానే చెయ్యి చాపింది. ఆకులు ఆమె వేళ్ల మధ్య నుంచి జారిపోయాయి. పక్కన నడుస్తున్న మామయ్యగారు మాను మీద నుంచి అరచెయ్యి తియ్యలేదు. చక్రాల కింద చిన్నరాళ్లు పగిలే చప్పుడు ఒక్కటే.

సున్నపుగీత చూసి చెట్టును తిప్పి గోతిలో దించాక, మరిది క్రేన్ ఆపి కిందకు దిగి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని వంగి చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

తర్వాత ఆకులన్నీ రాలిపోయాయి.

రాలతాయని తెలుసు. తెలిసినా, గేటు పక్కన ఆ మోడును రోజూ చూడటం కష్టంగా ఉండేది. వానలు మొదలయ్యాయి. చుట్టుపక్కల గడ్డి కూడా పచ్చబడింది, అది తప్ప. గ్రూపులో ఒకరిద్దరు 'చంపేశారు' అని రాశారు. నా నెల ఎప్పుడో తీరిపోయింది. 'బతికిందా?' అని అడిగినవాళ్లకి, మా వ్యాపారం ముందు చెప్పుకుని, 'ఇంకా తెలియదండీ' అని రాసేదాన్ని. అంతకన్నా ఏం రాయాలి? ఈలోగా చిన్నచిన్న పనులు కొన్ని వచ్చాయి. ఒక బడివాళ్లు మామిడి జరపమన్నారు, ఇంకొకరు ప్రహరీ మీద పడుతున్న పనసను. వరదలా ఏమీ రాలేదు. కానీ క్రేన్ అమ్మే మాట అన్నం దగ్గర మళ్లీ కూర్చోలేదు.

వాన లేని రోజుల్లో మరిది ట్యాంకరు తీసుకెళ్లి చెట్టును తడిపొచ్చేవాడు. ఒకరోజు అతనికి అన్నం ఇవ్వడానికి నేను వెళ్లాను. క్యారియరు అరుగు మీద పెట్టి వెనక్కి తిరుగుతుంటే పిలిచాడు.

"వదినా. ఒకసారి ఇటు రా."

ఎన్నాళ్ల తర్వాతో. గోడతో కాదు, నాతోనే.

మాను దగ్గర గోరుతో బెరడు మీద చిన్న గీటు పెట్టాడు. లోపల పచ్చగా, తడిగా ఉంది. ఇద్దరం తలలు దగ్గర పెట్టి, ఆ గోటిగీతంత పచ్చదనాన్ని చూశాం. "ఎవరికీ చెప్పకు" అన్నాడు. "ఇది లెక్కలోకి రాదు. చిగురొస్తేనే." అని క్యారియరు విప్పి, "కూర మామూలుగా లేదు" అన్నాడు మూత వాసన చూస్తూ.

మరో వారం గడిచింది. సాయంత్రం గ్రూపులో ఎవరో కొత్తామె ఫొటో పెట్టింది. 'నేను కాన్పుకు వచ్చి ఆసుపత్రిలో ఉన్నాను. కిటికీ ఎదురుగా ఉన్న ఎండుచెట్టుకు ఆకుపచ్చ పురుగు పట్టినట్టుంది. ఎవరికి చెప్పాలి?'

నేను ఫొటోను వేళ్లతో పెద్దది చేశాను. ఇంకా పెద్దది చేశాను. ఫోన్ తీసుకెళ్లి మామయ్యగారి ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టి, దించి, మళ్లీ పైకి నెట్టి చూశారు.

"పురుగు కాదు" అన్నారు. లేచి చెప్పులు వెతుక్కున్నారు. ఒక కాలికి ఆయనవి, ఒక కాలికి మా ఆయనవి వేసుకున్నారు.

ఇంటిల్లిపాదీ వెళ్లాం. నర్సమ్మ అప్పటికే చెట్టు కింద ఉంది. డ్రైవరు బస్సు దిగి వస్తున్నాడు. పైన, కోసిన ప్రతి కొమ్మ చివరా, లేతపచ్చ గుత్తులు. పొద్దు వాలుతోంది. మేం చూస్తుండగానే ఆ చిట్టి ఆకులు, పుట్టి రెండురోజులైనా కాలేదు, ఒకదానికొకటి దగ్గరగా జరిగి, జతలు జతలుగా ముడుచుకోవడం మొదలుపెట్టాయి. ఎవరు నేర్పారో, కొత్తచోట కూడా దానికి నిద్రవేళ తెలిసింది. అత్తయ్యగారు చేతులు జోడించలేదు, కళ్లు తుడుచుకోలేదు. నోరు తెరుచుకుని చిన్నపిల్లలా చూస్తూ ఉండిపోయారు.

చెట్టు మొదట్లో ఎవరో కుర్రాడు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు. పెళ్లాన్ని లోపలికి పంపి ఎదురుచూస్తున్నవాడని చూడగానే తెలుస్తోంది. ఇంతమందిమి తలలెత్తి నిలబడటం చూసి కంగారుగా లేచాడు.

"ఏమైందండీ? పైన ఏముంది?"

"చిగురు" అన్నాడు మా మరిది.

కుర్రాడు కూడా తలెత్తాడు. అతనికి ఆ చెట్టు కథ ఒక్క ముక్క తెలియదు. అయినా మాలాగే నోరు తెరిచి చూశాడు. లోపలి నుంచి ఆయమ్మ వచ్చి ఎవరి పేరో పిలిచింది. మళ్లీ పిలిచింది. మాలో ఎవరూ పలకలేదు.

"బాబూ" అన్నారు మామయ్యగారు అతని భుజం మీద చెయ్యి వేసి. "నిన్నే."